ఒక్క లాగిన్‌తో ఇంట్రానెట్ – 3వ పాఠం: ఎస్‌పీఎన్, కీట్యాబ్

గత పాఠంలో లినక్స్ సర్వర్‌లో వెబ్‌సైట్ నడిపే అపాచీ ఎక్కించి, ఆ సర్వర్ గడియారాన్ని ఆఫీసు లాగిన్‌లన్నీ చూసే డొమైన్ కంట్రోలర్‌తో కలిపాం. తేడా 5 నిమిషాలు దాటితే కెర్బరోస్ (పాస్‌వర్డ్‌కి బదులు టికెట్‌తో గుర్తింపు చూపే పద్ధతి) టికెట్ చెల్లదు కాబట్టి ఆ పని ముందే కావాలి. ఇప్పుడు, పొద్దున విండోస్‌లోకి లాగిన్ అయిన ఉద్యోగిని ఇంట్రానెట్ సైట్ మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా చేద్దాం.

పేజీ అడిగిన బ్రౌజర్‌కి సర్వర్ 401 (‘ముందు గుర్తింపు చూపు’) కోడ్‌తో పాటు ‘నెగోషియేట్’ అని బదులిస్తుంది. బ్రౌజర్ ఆ సైట్ పేరు చెప్పి డొమైన్ కంట్రోలర్‌ను టికెట్ అడుగుతుంది. యాక్టివ్ డైరెక్టరీలో (డొమైన్ ఖాతాల పట్టికలో) ఆ పేరు ఏ ఖాతా కింద ఉందో, ఆ ఖాతా కీతో టికెట్‌కి తాళం పడుతుంది. అదే కీ సర్వర్ దగ్గరా ఉంటేనే అది తెరుచుకుంటుంది. పేరును ఖాతాకు ముడివేసేది ఎస్‌పీఎన్, కీ దాచే ఫైలు కీట్యాబ్. ఈ రెండూ పొసగకపోవడమే సగం తలనొప్పులకు మూలం.

సైట్ కోసం విడిగా ఒక సర్వీస్ ఖాతా తెరిచి, అందులో ఏఈఎస్ 256 (ఎన్‌క్రిప్షన్ రకం) ఆప్షన్‌కి టిక్ పెట్టండి. తర్వాత సెట్‌ఎస్‌పీఎన్ కమాండ్‌తో ఎస్‌పీఎన్ రాయండి: హెచ్‌టీటీపీ, స్లాష్, సైట్ పూర్తి పేరు. సైట్ హెచ్‌టీటీపీఎస్‌లో నడిచినా ఇక్కడ ‘ఎస్’ ఉండదు; చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పాత అలవాటుగా ‘ఏ’ స్విచ్ వాడకండి. ‘ఎస్’ స్విచ్ అయితే ఆ పేరు వేరే ఖాతాలో ఉందేమో చూశాకే రాస్తుంది. ఒకే పేరు రెండు ఖాతాల్లో ఉంటే టికెట్ రాదు. అనుమానముంటే ‘ఎక్స్’ స్విచ్‌తో వెతకండి.

కీట్యాబ్‌ను కేటీపాస్ అనే విండోస్ కమాండ్‌తో తీయాలి. రెల్మ్ (కెర్బరోస్ లెక్కలో మన డొమైన్) పేరు మొత్తం పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. పాస్‌వర్డ్ ఇచ్చి కేటీపాస్ నడిపితే ఖాతా పాస్‌వర్డ్ కొత్తగా పడి, కీ వెర్షన్ నంబరు పెరుగుతుంది. అంటే ‘ఇంకోసారి చూద్దాం’ అని మళ్లీ నడిపిన క్షణంలోనే సర్వర్‌లో ఉన్న పాత ఫైలు పనికిరాకుండా పోతుంది. తీసిన ఫైలును సర్వర్‌కి చేర్చి, అపాచీ యూజర్ ఒక్కరే చదివేలా 400 పర్మిషన్ ఇవ్వండి. ఈ ఫైలు చేజిక్కితే పాస్‌వర్డ్ చేజిక్కినట్టే; ఈమెయిల్‌లో పంపకండి.

అపాచీలో టికెట్‌ను పరిశీలించే జీఎస్‌ఎస్‌ఏపీఐ మాడ్యూల్‌కి చెప్పాల్సింది కొంచెమే: ఆథ్ టైప్, కీట్యాబ్ దారి, చెల్లుబాటయ్యే యూజర్ కావాలన్న షరతు. క్రోమ్, ఎడ్జ్‌ల కోసం గ్రూప్ పాలసీతో (డొమైన్ కంప్యూటర్లన్నిటికీ ఒకేచోట నుంచి సెట్టింగ్ పెట్టే సాధనం) సైట్‌ను లోకల్ ఇంట్రానెట్ జోన్‌లో చేర్చండి. పేరులో చుక్కలుంటే విండోస్ దాన్ని తనంతట తాను ఇంట్రానెట్ అనుకోదు. ఫైర్‌ఫాక్స్‌కి నమ్మకమైన సైట్ల జాబితా వేరే ఉంటుంది.

ఇంకా పాస్‌వర్డ్ పెట్టె వస్తోందా? ఎఫ్12 నొక్కి, ఆథరైజేషన్ హెడర్‌లో ‘నెగోషియేట్’ తర్వాతి అక్షరాలు చూడండి. ‘వై ఐ ఐ’ అని మొదలైతే మామూలుగా అది కెర్బరోస్. ‘టీ ఎల్ ఆర్ ఎం’ అయితే బ్రౌజర్ పాత లాగిన్ పద్ధతి అయిన ఎన్‌టీఎల్‌ఎంకి జారింది: సైట్‌ను ఐపీ అడ్రస్‌తో తెరిచారేమో, ఎస్‌పీఎన్ లేదేమో చూడండి. డీఎన్ఎస్‌లో సీనేమ్ మారుపేరు పెట్టినా ఇదే గొడవ. క్రోమ్ ఆ మారుపేరును వదిలేసి అసలు సర్వర్ పేరుతో టికెట్ అడుగుతుంది. దాని బదులు పేరును నేరుగా ఐపీ అడ్రస్‌కి కలిపే ‘ఏ’ రికార్డు పెడితే సరిపోతుంది.

కీట్యాబ్ మార్చాక కూడా పాత టికెట్ క్లయింట్‌లో మామూలుగా 10 గంటలు ఉంటుంది. దాచిన టికెట్లను చెరిపేసే కేలిస్ట్ పర్జ్ కమాండ్ కొట్టి, బ్రౌజర్ మూసి తెరిచాకే మళ్లీ పరీక్షించండి.

వచ్చే పాఠం: ఏ గ్రూపువాళ్లకు ఏ పేజీ.