కాన్పు గదిలో పసుపు సంచి బరువు తగ్గించడం ఎలా?

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో చిన్న ప్రసూతి నర్సింగ్‌హోమ్ నడుపుతున్నారా? అయితే ముందు కాన్పు బల్ల పక్కనున్న, ఆసుపత్రి చెత్త వేసే పసుపు రంగు సంచి చూడండి. అందులో పడిన వాటిలో ఎక్కువ భాగాన్ని ఇన్సినరేటర్‌లో, అంటే చెత్తను కాల్చే కొలిమిలో, కాల్చేస్తారు. దాని రెండో గదిలో వేడి 1050 డిగ్రీల దగ్గర ఉంచాలి. అట్టముక్కకైనా అదే ఇంధనం.

1. వారం రోజులు సంచిని రోజూ తూచి, కాన్పుల లెక్కతో పాటు పుస్తకంలో రాయండి.

2. బుట్టల చోటు మార్చండి. మాయ, రక్తంతో తడిసిన దూది, ప్యాడ్లు పసుపులోకి. గ్లౌజులు, సెలైన్ పైపులు, యూరిన్ బ్యాగులు ఎరుపులోకి. సూదులు తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి. గ్లౌజుల కాగితం కవర్లు, సెలైన్ అట్టపెట్టెలు మామూలు పొడిచెత్త. ఇవి పసుపులో పడేది తెలియక కాదు, చేతికందేది అదొక్కటే కాబట్టి. కవర్లు విప్పే ట్రాలీ దగ్గర పొడిచెత్త బుట్ట పెట్టండి. మాయను 48 గంటలకు మించి ఉంచకూడదు. మన ఎండలకు ఏ రోజుది ఆ రోజే పంపడం మేలు.

3. వాడి పారేసే షీట్లు మాని నూలు గుడ్డలకు మారండి. రక్తపు మరకలు ముందు చన్నీళ్లలో వదలాలి, వేన్నీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. ఉతికి, బాగా ఆరాక చిల్లులున్న స్టీలు డ్రమ్ములో వదులుగా సర్ది, చిల్లులు తెరిచి, 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ఒత్తిడిలో 30 నిమిషాలు ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం)లో పెట్టాలి. బయటికి తీయగానే చిల్లులు మూసేయండి. కుక్కి సర్దితే ఆవిరి మధ్యకు చేరదు. గుడ్డ తడిగా వస్తే స్టెరైల్ (క్రిమిరహితం) కాదన్నట్టే, మళ్లీ పెట్టాల్సిందే.

4. బీపీ చూడటానికి, పొట్ట తడమడానికి గ్లౌజులు అక్కర్లేదు, చేతులు కడుక్కుంటే చాలు. లోపలి పరీక్షకు, రక్తం తగిలే పనికి మాత్రం తప్పవు.

5. ఆపరేషన్ థియేటర్‌లో మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ వాయువు సిలిండర్ చూడండి. ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. సిజేరియన్లు చాలావరకు వెన్నులో మత్తుతోనే అవుతాయి కాబట్టి వాడకం తక్కువ, లీకు మాత్రం రాత్రింబవళ్లూ ఉండొచ్చు. ఒత్తిడి చూపే మీటరు చూసి మోసపోవద్దు. లోపల ద్రవం ఉన్నంతసేపూ ముల్లు దాదాపు కదలదు. రాత్రి వాల్వు తెరిచే ఉంచి తూచండి, పొద్దున మళ్లీ తూచండి. కేసు లేకుండానే బరువు తగ్గితే లీకే. జాయింట్ల మీద సబ్బునీళ్లు రాస్తే బుడగలు చోటు చూపిస్తాయి. పని లేనప్పుడు వాల్వు మూసే ఉంచండి.

6. పొత్తిగుడ్డలకు పాత నేత చీరలు ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి తెచ్చుకోమని తొమ్మిదో నెల చెకప్‌లోనే అమ్మాయి తల్లికి చెప్పండి. నొప్పులొచ్చిన రోజు చెబితే, ఎవరో ఒకరు ఎదురుగా ఉన్న మందుల షాపు నుంచి డైపర్ల ప్యాకెట్ తెచ్చేస్తారు.