పిల్లల నాటిక, 4వ పాఠం: "కదా" జబ్బు

పోయిన పాఠంలో తప్పు నాదే. "ఒకరు అడగాలి, ఇంకొకరు కాదనాలి, సీను అంటే అంతే" అని రాసి వదిలేశాను. మీరు ఏడో తరగతి వాళ్ల చేత అచ్చం అలాగే రాయించారు. 12 డైలాగుల్లో 11 "ఇవ్వు", "ఇవ్వను". చివరిది ఏడుపు.

ఒక దారి మూసుకుపోతే అడిగేవాడు ఇంకో దారి పట్టాలన్న ముక్క నేను చెప్పలేదు. తమ్ముడికి అక్క సైకిలు కావాలి. బతిమాలాడు, అక్క పుస్తకంలోంచి తలెత్తలేదు. పొగిడాడు, పేజీ తిప్పింది. "సరే, అద్దం ఎవరు పగలగొట్టారో అమ్మకి చెప్పొస్తా" అన్నాడు. పుస్తకం మూసింది. సీను అక్కడ మొదలైంది. ఆడేటప్పుడు దారి మారిన ప్రతిసారీ నిలబడ్డ చోటు కూడా మారాలి. లేకపోతే అందరూ స్టేజీ ముందు ప్రార్థనకి నిలబడ్డట్టు వరసగా నిలబడతారు.



ఇక నా ప్రాణం తీసే జబ్బు. "అక్కా, ఈ సైకిలు నాన్న నీ పుట్టినరోజుకి కొన్నాడు కదా, మనిద్దరం ఒకే బడికి వెళ్తాం కదా." అక్కకి తెలియదా? వాడు మాట్లాడుతున్నది అక్కతో కాదు, మూడో వరుసలో కూర్చున్న ప్రేక్షకులతో. నేనైతే ఎర్ర పెన్సిలుతో ప్రతి "కదా" చుట్టూ సున్నా చుడతాను. "చెప్పాను కదా!" అని విసుక్కునేది ఉండొచ్చు, అది ఎదుటివాడికి తగిలే దెబ్బ. సమాచారం మోసే "కదా" మాత్రం పోవాలి. దాని చుట్టాలూ ఉన్నాయి: "నీకు గుర్తుందా, ఆ రోజు...", "తెలుసుగా...". అన్నిటికంటే ఘోరం ఫోను: "ఏంటీ? రైలు తప్పిపోయిందా? ఇద్దరూ స్టేషన్లోనే ఉన్నారా?" ఫోనులో ఎవరైనా అలా అప్పజెబుతారా?

మరి ప్రేక్షకుడికి తెలిసేదెలా? సమాచారాన్ని గొడవలో ఆయుధం చెయ్యండి. "బెల్లు మీద ఎవరి పేరుందో చదువు." "నీ పుట్టినరోజుకి సైకిలు, నా పుట్టినరోజుకి పెన్నా?" ఎవరిది, ఎప్పుడు కొన్నారు, తమ్ముడి కడుపుమంట ఎందుకు, అన్నీ వచ్చేశాయి. వ్యాఖ్యాతని పెట్టుకోవచ్చు అనేవాళ్లున్నారు. నా క్లాసులో వ్యాఖ్యాత ఉండడు.

నాట్యశాస్త్రం చెప్పిన భరతుడు అభినయాన్ని ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం, అలంకరణ), సాత్త్వికం (లోపలి భావం) అని నాలుగు చేశాడు. మన పిల్లలు వాచికం ఒక్కదాని మీదే బండెడు బరువు వేస్తారు. "నాకు కోపం వచ్చింది కదా" అన్న డైలాగు చెయ్యాల్సిన పని, చప్పుడయ్యేలా మూసిన పుస్తకం చేసేస్తుంది.

అభ్యాసం: ఇద్దరు పాత్రలు, ఒక పేజీ. అడిగే వస్తువు పేరు ఒక్కసారి కూడా రాకూడదు. మూడు దారులు మారాలి. "కదా" సున్నా. పేజీ ఆడితే ఇంచుమించు నిమిషం పట్టాలి, బెదురుతో 30 సెకన్లలో ముగిస్తే మళ్లీ ఆడించండి. ముందు మాటల్లేకుండా, తర్వాత మాటలతో, ఆపైన పాత్రలు తారుమారు చేసి. మాటల్లేకుండా ఆడినప్పుడు స్క్రిప్టు చదవని ముగ్గురిని కూర్చోబెట్టి, ఎవరు అడుగుతున్నారో, ఎవరు కాదంటున్నారో, దారి ఎక్కడ మారిందో చీటీ మీద రాయమనండి. ముగ్గురూ తప్పు రాస్తే డైలాగుల జోలికి పోకండి, పిల్లలు నిలబడ్డ చోట్లు మార్చి చూడండి.