ఇంటి కుక్క అదేపనిగా మొరుగుతుంటే ఏం చేయాలి?

ప్రొద్దుటూరులో మా వీధి ఇరుకైనది. ఎదురెదురు మిద్దెల మధ్య ఒక ఆటో పోయేంత చోటు మాత్రమే ఉంటుంది కాబట్టి, మా చిట్టి మొరిగితే ఆ శబ్దం ఎదురింటి గోడకు తగిలి మళ్లీ మా ఇంట్లోకే వస్తుంది. చిట్టి జాతి కుక్క కాదు, మా వీధిలోనే పుట్టిన నాటు కుక్క. రెండేళ్ల కిందట ఒక ఉదయం ఎదురింటి పెద్దమ్మ గేటు దగ్గర నిలబడి, "రాత్రంతా ఒకటే అరుస్తాంది మ్మా, కన్ను మూతపడల్యా" అన్నప్పుడు ఆమె గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువగా వినిపించింది. అప్పటిదాకా "కుక్క అన్నాక మొరగదా" అని సరిపెట్టుకున్న నేను, ఆ రోజు నుంచి దాన్ని సరిచేయడానికి పూనుకున్నాను. ఇలాంటి ఇబ్బంది ఉన్నవారికి ఉపయోగపడుతుందని, చేసిన పనులను చేసిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు వారం రోజులు రాసి పెట్టుకోండి

కుక్క ఊరికే మొరగదు. మనకు కనిపించనిదో వినిపించనిదో ఏదో ఒకటి దానికి తెలుస్తూనే ఉంటుంది. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్‌ల వరకు వినగలిగితే, కుక్క చెవి దాదాపు 45 వేల హెర్ట్జ్‌ల వరకు వింటుంది. అందువల్ల "ఏమీ లేకపోయినా అరుస్తోంది" అన్న మాటను పక్కన పెట్టి, ఒక నోటు పుస్తకం తీసుకుని, మొరిగిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: సమయం ఎంత, కుక్క ఎక్కడ నిలబడి ఎటు చూస్తోంది, అరుపు ఎలా ఉంది, అది దేనితో ఆగింది. నాలుగోది చాలామంది రాయరు. నిజానికి అన్నిటికన్నా ముఖ్యమైనది అదే, ఎందుకంటే మొరగడం వల్ల కుక్కకు ఏం దక్కిందో అక్కడే తెలుస్తుంది. కొరియర్ అబ్బాయి పొట్లం ఇచ్చి వెళ్లిపోతే, "నేను మొరిగాను కాబట్టే అతను పోయాడు" అని కుక్క నేర్చుకుంటుంది. మర్నాడు ఇంకా గట్టిగా మొరుగుతుంది.

మా పుస్తకంలో తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు మధ్య సమయమే పదే పదే కనిపించింది. అది పాలబండి వచ్చే వేళ కాబట్టి తప్పు పాలవాడిదని అనుకున్నాను. ఒక రోజు చాప తెచ్చుకుని చిట్టి పక్కనే గేటు దగ్గర నేలమీద పడుకుని చూశాను. ఇనుప గేటు కింద నాలుగు వేళ్ల సందు ఉంది. పాలబండి వెళ్లిపోయింది, చిట్టి చెవి మాత్రమే కదిలింది. ఆ వెనకనే మూడు వీధికుక్కల కాళ్లు ఆ సందులో కనిపించాయి. అవి మా గేటు దగ్గర ఆగి, వాసన చూసి, గోడకు మూత్రం పోసి వెళ్లాయి. అప్పుడు లేచింది చిట్టి. కాళ్లు కనిపిస్తున్నాయి, మొహం కనిపించడం లేదు. పోయి వాసన చూడడానికి దారి లేదు. ఆ స్థితిలో మొరగక ఏం చేస్తుంది?

అరుపులోని తేడాలను కూడా చెవి పెట్టి వినండి. రెండు మూడు సార్లు గట్టిగా మొరిగి, ఆగి, వింటూ, మళ్లీ మొరిగితే అది "ఎవరో వచ్చారు" అని చెప్పడం. ఒకే స్థాయిలో, విసుగు లేకుండా గంటసేపు సాగే అరుపు చాలా వరకు ఏమీ తోచకపోవడం వల్లనో ఒంటరితనం వల్లనో వస్తుంది. లోగొంతులో గుర్రుమంటూ ఒళ్లు బిగబట్టి మొరిగితే అందులో భయమో బెదిరింపో ఉంటుంది.

ఒంట్లో బాగుందో లేదో చూపించండి

ఎప్పుడూ నెమ్మదిగా ఉండే కుక్క ఉన్నట్టుండి మొరగడం మొదలుపెడితే, నేర్పించే పని తర్వాత, పశువైద్యుని దగ్గరికి వెళ్లడం ముందు. చెవిలో చీము, పంటి నొప్పి, కీళ్ల నొప్పి, పిడుదుల వల్ల వచ్చే జ్వరం ఇవన్నీ కుక్కను చికాకు పెడతాయి. వయసు మీరిన కుక్కలు చూపు, వినికిడి తగ్గి, రాత్రిపూట దిక్కు తెలియక అరుస్తుంటాయి. వాటిని గద్దించడం పాపం. ప్రతి పట్టణంలోనూ ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంటుంది. మా ఊరివారికి పశువైద్య కళాశాల కూడా ప్రొద్దుటూరులోనే ఉండడం ఒక అదృష్టం.

కంటికి కనిపించేదాన్ని మూయండి

కారణం తెలిశాక, కుక్కను మార్చడానికి ముందు చోటును మార్చండి. నేను గేటు కింది సందుకు పాత రెగ్జిన్ గుడ్డను తీగతో కట్టించాను, గేటు కమ్మీల మధ్య నడుము ఎత్తు వరకు రేకు వేయించాను. గోడ బయటివైపు రోజూ ఉదయం నీళ్లు పోసి కడిగాను. దానికైన ఖర్చు చాలా తక్కువ, కానీ మొదటి వారంలోనే తెల్లవారుజాము అరుపు సగానికి పైగా తగ్గింది. మిద్దె మీద నుంచి వీధిని చూసి మొరిగే కుక్కను మిద్దె ఎక్కనివ్వకుండా మెట్లకు చిన్న తలుపు పెడితే చాలు. రాత్రి పడుకునే చోటును వీధివైపు గది నుంచి వెనకవైపుకు మార్చండి. ఫ్యాను శబ్దం కూడా బయటి చప్పుళ్లను కొంత కప్పేస్తుంది.

ఎండాకాలం సంగతి ఇక్కడే చెప్పాలి. కడప ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో, కడప బండలు పరిచిన ముంగిట్లో కుక్కను కట్టేస్తే అది అరిచేది మొండితనంతో కాదు, అరికాళ్లు కాలి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. అది ముఖ్యంగా నాలుక చాపి వగర్చడం ద్వారా ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. బండ మీద మీ అరచేతి వెనుకభాగాన్ని ఆనించి ఏడు లెక్కపెట్టండి. మీరు ఓర్చుకోలేకపోతే కుక్క కూడా ఓర్చుకోలేదు. నీడ, మట్టి నేల, కుండలో చల్లని నీళ్లు ఈ మూడూ ఉంటే మధ్యాహ్నపు అరుపు చాలా వరకు అదే తగ్గుతుంది.

గొలుసు విప్పి నడిపించండి

రోజంతా గొలుసుతో కట్టేసిన కుక్క మొరగడానికి వేరే కారణం వెతకనక్కర లేదు. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగిన నడక, వ్యాయామం లేకుండా చేయడాన్ని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం నేరంగా పరిగణిస్తుంది. "కట్టేస్తేనే కాపలా కాస్తుంది" అన్న నమ్మకం మన సీమ పల్లెల్లో ఇప్పటికీ గట్టిగా ఉంది, కానీ కట్టేసిన కుక్క కాపలా కుక్క కాదు, భయపడ్డ కుక్క. పారిపోవడానికి వీల్లేదని తెలిసిన ప్రాణి ముందుగానే మీద పడుతుంది.

ఉదయం ఎండ రాకముందు అరగంట, సాయంత్రం బండలు చల్లారాక అరగంట నడిపించండి. నడకలో దాన్ని లాక్కుంటూ పోకండి. కుక్కకు ముక్కుతో చేసే పనే అసలైన పని, పది నిమిషాలు నేలను వాసన చూస్తే దాని మనసు తీరుతుంది. మేము పెన్న ఇసుకలోకి తీసుకువెళ్లి, చిట్టి చూడకుండా రెండు మూడు చోట్ల బిస్కెట్ ముక్కలు దాచి వెతకమంటాము. ఇంటి దగ్గరైతే పాత గోనెసంచిని చుట్టి, మడతల్లో తిండి పెట్టి ఇవ్వవచ్చు. గిన్నెలో వేసిన సంగటి రెండు నిమిషాల్లో అయిపోతుంది, గోనెలో వెతికే తిండి ఇరవై నిమిషాలు పడుతుంది.

"చాలు" అనే మాట నేర్పండి

ఇది ఓపికతో చేయాల్సిన పని కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలని ముందు నిర్ణయించుకోండి. మా ఇంట్లో ఆయన "ఉష్" అనేవారు, పిల్లలు "నోర్ముయ్" అని అరిచేవారు, నేను పేరు పెట్టి పిలిచేదాన్ని. చిట్టికి ఏది అర్థమవుతుంది? మనం గట్టిగా అరిస్తే, తనతో పాటు మనమూ మొరుగుతున్నామనే అది అనుకుంటుంది. చివరికి అందరమూ "చాలు" అనే మాటకు ఒప్పుకున్నాము.

ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని చెనిక్కాయ బద్దంత ముక్కలుగా చేసి దగ్గర పెట్టుకోండి. ఇంట్లో ఒకరిని బయట నిలబెట్టి గేటును రెండుసార్లు మెల్లగా తట్టమనండి. కుక్క రెండు మూడు సార్లు మొరగనివ్వండి, ఎందుకంటే ఎవరో వచ్చారని చెప్పడం దాని ధర్మం. తర్వాత మామూలు గొంతుతో ఒక్కసారి "చాలు" అని, ముక్కను దాని ముక్కు దగ్గర పెట్టండి. వాసన చూడాలంటే అది మొరగడం ఆపాల్సిందే. ఆగిన ఆ క్షణంలోనే, ఒకటి అని లెక్కపెట్టేలోగా, ముక్క ఇచ్చేయండి. ఆలస్యమైతే దేనికి ఇచ్చారో దానికి తెలియదు. మొదట ఒక క్షణం నిశ్శబ్దానికి ఇచ్చిన ముక్కను తర్వాత మూడు క్షణాలకు, అయిదుకు, పదికి పెంచుకుంటూ పోండి. ఒక్కో విడత అయిదు నిమిషాలు మించకూడదు, రోజుకు రెండు విడతలు చాలు.

ఇందులో ఒక చిక్కు ఉంది. తెలివైన కుక్కలు "మొరిగితే చాలు అంటారు, ఆపితే ముక్క వస్తుంది" అని లెక్క వేసుకుని కావాలనే మొరగడం మొదలుపెడతాయి. చిట్టి రెండో వారంలో అదే చేసింది. అందుకు విరుగుడు, మౌనంగా ఉండాల్సిన సమయాన్ని పెంచడం, అసలు మొరగకుండా చెవులు నిక్కించి ఊరుకున్నప్పుడు కూడా ముక్క ఇవ్వడం.

తిండి కోసమో, మనం తలెత్తి చూడడం కోసమో మొరిగే కుక్క విషయంలో "చాలు" అని కూడా అనకండి. అటు చూడకుండా ఊరుకోండి, ఆగిన తర్వాతనే పలకరించండి. ఇలా మొదలుపెట్టిన తొలి రోజుల్లో అరుపు తగ్గకపోగా పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం పనిచేయడం లేదేమని అది ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. సరిగ్గా అప్పుడే విసిగిపోయి రొట్టె ముక్క పడేస్తే, గట్టిగా మొరిగితేనే తిండి దొరుకుతుందని మీరే నేర్పినవారవుతారు.

కొట్టడం, రాయి విసరడం, కరెంటు షాకు ఇచ్చే మెడపట్టీ వేయడం ఏనాడూ చేయకండి. భయంతో మొరిగే కుక్కకు అవి భయాన్నే పెంచుతాయి. పైకి అరుపు ఆగినట్టు కనిపించినా, హెచ్చరిక లేకుండా కరవడం నేర్చుకునే ప్రమాదం ఉంది.

ముక్కల విషయంలో మరో జాగ్రత్త అవసరం. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషంతో సమానం. నాటుకోడి పులుసులోని ఎముకలు ఉడికాక చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. బూజు పట్టిన చెనిక్కాయల్లో కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉంటుంది కాబట్టి, మనం పనికిరావని ఏరి పారేసిన వాటిని కుక్కకు వేయకూడదు.

ఒంటరిగా వదిలి వెళ్లేటప్పుడు

తాళం వేసిన వెంటనే మొదలై మీరు వచ్చేదాకా సాగే అరుపుకు "చాలు" పనికిరాదు. చెప్పులు వేసుకుని, తాళంచెవులు తీసుకుని, గేటు దాటి అర నిమిషంలో తిరిగి రండి. కుక్క కంగారు పడకపోతే రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు అని పెంచండి. వెళ్లేటప్పుడు ముద్దు చేయడం, వచ్చాక హడావిడి చేయడం రెండూ మానండి. తలుపును గీరి, గోళ్లు విరిగేంతగా కంగారు పడే కుక్కకు మందులు కూడా అవసరమవుతాయి. వాటిని పశువైద్యుడే రాయాలి.

పండుగ రోజుల్లో

ప్రొద్దుటూరు దసరా వేడుకలు చూడని వారికి ఆ వాద్యాలు, టపాకాయల హోరు ఎంతటిదో చెప్పడం కష్టం. దసరా, దీపావళి రోజుల్లో సాయంత్రం వెలుతురు ఉండగానే నడక, తిండి ముగించి, కుక్కను కిటికీలు మూసిన లోపలి గదిలో ఉంచి, మంచం కిందనో మూలలోనో పాత దుప్పటి పరిచి పెట్టండి. అది భయంతో మీ ఒడిలోకి వస్తే నిమరండి. అలా నిమిరితే భయం అలవాటవుతుందన్నది అపోహ. ఆ రాత్రి మొరిగినందుకు శిక్షించకండి, ఆ రాత్రి ఏమీ నేర్పకండి.

గుర్రుమంటే వెనక్కి తగ్గండి

తిండి గిన్నె దగ్గరో, పిల్లలు తోక లాగినప్పుడో కుక్క గుర్రుమంటే దాన్ని తిట్టకండి, పిల్లలను దూరం చేయండి. కరవబోయే ముందు అది ఇచ్చే చివరి హెచ్చరిక అది. మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, ఆ తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా మళ్లీ వేయించాలి.

ఏ కుక్క కరిచినా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. చర్మం పొరలో ఇచ్చే పద్ధతిలో మొదటి మోతాదు తర్వాత 3, 7, 28వ రోజుల్లో మిగతావి వేస్తారు, ఒక్కటి కూడా తప్పించకూడదు. గాయం నుంచి రక్తం వస్తే గాయంలోనూ దాని చుట్టూనూ వేసే మరో మందు కూడా కావాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం కాబట్టి, "మన కుక్కే కదా" అని ఒక్క రోజు కూడా ఆగకండి.

ఇరుగుపొరుగుతో

వీధికుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించే బాధ్యతను 2023 నాటి నియమాలు స్థానిక సంస్థల మీదే పెట్టాయి. గేటు ముందు ఆగే ఆ మూడు కుక్కల గురించి మేము మున్సిపాలిటీకి ఒక కాగితం రాసి ఇచ్చాము. వీధిలోని తొమ్మిది ఇళ్లవారూ సంతకం పెట్టారు, అందరికన్నా ముందు పెట్టింది పెద్దమ్మ.

ఆమెకు నేను మొదటి రోజే చెప్పేశాను: "నేర్పించడానికి రెండు నెలలు పడుతుంది పెద్దమ్మా, మధ్యలో ఒక వారం ఇంకా ఎక్కువ అరుస్తుంది, ఓర్చుకో." ముందుగా చెబితే మనుషులు ఓర్చుకుంటారు. సాధన మొదలైన మూడో వారంలో గేటు తట్టే పనికి ఆమెనే పిలిచాను. చిట్టి మొరగడం ఆపిన ప్రతిసారీ ఆమె చేతనే ముక్క ఇప్పించాను. ఇప్పుడు ఆమె చెప్పుల చప్పుడు వినపడితే చిట్టి ఒకసారి మొరిగి, గేటు రేకుకు ముక్కు ఆనించి, ముక్క కోసం కూర్చుంటుంది.