మేలో ఎండినా, డిసెంబర్‌లో మునిగినా: చెన్నై అపార్ట్‌మెంట్ సంపుని సిద్ధం చేసుకోవడం

చెన్నైలో నీళ్లకి రెండు గండాలు. వేసవిలో చెరువులు అడుగంటుతాయి, ఈశాన్య రుతుపవనాల్లో వీధులు మునుగుతాయి. 2015 డిసెంబర్ వరద, 2019 కరువు, 2023 డిసెంబర్ మిచౌంగ్ తుఫాను, అన్నీ తొమ్మిదేళ్ల లోపే. కరువొస్తే లారీ, వరదొస్తే మోటారు రిపేరు అనుకుంటే అసోసియేషన్ డబ్బు రెండుసార్లూ పోతుంది. రెండు గండాలూ దెబ్బకొట్టేది ఒక్కచోటే, మీ కాంపౌండ్‌లోని సంపు దగ్గర. మేలో ఏ పగులు నుంచి మంచినీళ్లు కారిపోతాయో, డిసెంబర్‌లో అదే పగులు నుంచి డ్రైనేజీ నీళ్లు లోపలికి ఊరుతాయి. కాబట్టి పని సంపుతోనే మొదలుపెట్టాలి.

ఎన్ని రోజుల నీళ్లున్నాయి?

మనిషికి రోజుకి 135 లీటర్లు అన్నది నగర నీటి పథకాలకి వాడే కొలమానం. 40 ఫ్లాట్లు, ఫ్లాటుకి నలుగురు అనుకుంటే రోజుకి 21,600 లీటర్లు. ఇప్పుడు సంపు కొలవండి. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు ఉంటే 1,000 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్ల చొప్పున 28,300 లీటర్లు. అడుగున అరడుగు నీళ్లు, మోటారు పీల్చే గొట్టం కొసనున్న ఫుట్ వాల్వ్‌కి అందవు కాబట్టి చేతికొచ్చేది 25,500. పైన ఓవర్‌హెడ్ ట్యాంకులో 15,000 ఉన్నాయనుకుంటే మొత్తం 40,500, అంటే రెండు రోజులకి కూడా చాలదు. మెట్రోవాటర్ (నగర నీటి సరఫరా బోర్డు) పైపులో రెండు రోజులు నీళ్లు రాకపోతే ఏమవుతుందో ఈ అంకె చెబుతుంది. కనీసం మూడు రోజుల నిల్వ ఉండాలని మా అభిప్రాయం. చోటు లేకపోతే కొత్త ట్యాంకు కంటే ముందు కారేవి ఆపండి.

ఒక అల్యూమినియం పైపు మీద అంగుళాల గీతలు గీయించి సంపు మూత పక్కన ఉంచండి. పైన చెప్పిన కొలతల సంపులో ఒక అంగుళం అంటే దాదాపు 470 లీటర్లు. ఈ ఒక్క అంకె వాచ్‌మన్ గదిలో రాసి పెడితే చాలా పనికొస్తుంది. 12,000 లీటర్ల లారీ ఖాళీ చేస్తే మట్టం 25 అంగుళాలు పెరగాలి. మోటారు ఆపి, ముందు ఒకసారి తర్వాత ఒకసారి కొలవండి. 21 అంగుళాలే పెరిగిందంటే దాదాపు 2,000 లీటర్లు తక్కువ పోసినట్టే.

పగుళ్లు పట్టుకోవడానికీ ఇదే పైపు. రాత్రి 12కి ఇన్‌లెట్ వాల్వ్ మూసి, మోటారు ఆపి, మట్టం రాయండి. ఉదయం 5కి మళ్లీ చూడండి. వేసవిలో అంగుళం తగ్గితే గోడ కారుతోంది. వానల్లో, భూగర్భ జలం పైకొచ్చినప్పుడు, మట్టం పెరిగితే బయటి నీరు ఊరుతోంది. అందుకే ఈ పరీక్ష ఏడాదికి రెండుసార్లు, మేలో ఒకటి, నవంబర్‌లో ఒకటి. గోడకీ అడుగుకీ కలిసే మూల, పైపు గోడలోంచి దూరే చోటు, ఈ రెండూ ముందు చూడండి. లీకులు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

చెరువుల మట్టం చూడటం

నీటి అధికారులు వేసవి గురించి ఏప్రిల్‌లో కాదు, డిసెంబర్ చివర్లోనే లెక్క వేసుకుంటారు. మీరూ అలాగే చేయొచ్చు. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం, తేర్వాయ్ కండిగై, ఈ అయిదూ నిండితే 11,757 మిలియన్ ఘనపుటడుగులు, అంటే పన్నెండు టీఎంసీలకి కాస్త తక్కువ. మెట్రోవాటర్ వెబ్‌సైట్‌లో రోజూ మట్టాలు పెడతారు. నగరానికి నెలకి ఉజ్జాయింపుగా ఒక టీఎంసీ కావాలి, ఎండకి ఆవిరయ్యేది వేరే. డిసెంబర్ 31న నిల్వ ఆరు టీఎంసీల లోపుంటే జనవరిలోనే లారీతో మాట్లాడుకోండి, ఫ్లాట్లలో మీటర్లు పెట్టించండి. తెలుగుగంగ ఒప్పందం ప్రకారం కండలేరు నుంచి మన కృష్ణా నీళ్లు ఏడాదికి 12 టీఎంసీలు రావాలి, జులై నుంచి అక్టోబర్ దాకా 8, జనవరి నుంచి ఏప్రిల్ దాకా 4. కృష్ణలో లేని ఏడు ఇక్కడికీ రావు. మీంజూరు, నెమ్మేలి సముద్రపు నీటి ప్లాంట్లు మాత్రం వానతో పని లేకుండా నడుస్తాయి. అయినా 2019 జులైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తేవాల్సి వచ్చింది.

మెట్రోవాటర్ లారీని డయల్ ఫర్ వాటర్ అనే వాళ్ల బుకింగ్ సేవ ద్వారా ముందే బుక్ చేసుకోవచ్చు. ప్రైవేటు లారీ అయితే ప్రతి లోడుకీ టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) కొలిచే మీటర్ ముంచండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో తాగునీటికి లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా.

వాన నీరు

తమిళనాడులో వాన నీటి సేకరణ 2003 నుంచి తప్పనిసరి. నీటిని నేలలోకి ఇంకించే గుంటలు చాలా చోట్ల ఉన్నాయి, పనిచేసేవే తక్కువ, కారణం బురద. మీ గుంట సంగతి తెలియాలంటే సాయంత్రం 1,000 లీటర్లు పోసి చూడండి. తెల్లారినా నీళ్లు నిలిచే ఉంటే పూడిపోయిందని అర్థం. బంకమట్టి నేల అయినా కావచ్చు. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి ఇసుక నేలల్లో గుంట చాలు. బంకమట్టి నేలలో మాత్రం ఆ పొర దాటి ఇసుక తగిలేదాకా దిగాలి.

మేడ మీది నీళ్లు నేరుగా సంపుకి తీసుకోవడం ఇంకా లాభం. 600 చదరపు మీటర్ల మేడ మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే, అయిదో వంతు పోయినా 24,000 లీటర్లు. పైన లెక్కలోని ఒక రోజు వాడకం కంటే ఎక్కువ. తొలి వాన 15 నిమిషాలు బైపాస్ వాల్వ్ తెరిచి వదిలేయండి, దుమ్మూ పిట్టల రెట్టా పోతాయి. తర్వాత మెష్, ఫిల్టర్ దాటి సంపులోకి. పొంగిన నీళ్లకి 3 అడుగుల వ్యాసం, 15 అడుగుల లోతు ఉన్న సిమెంటు వరల బావి, దాదాపు 3,000 లీటర్లు పడుతుంది. సెప్టెంబర్ ఆఖరులోపు పూడిక తీయండి.

బోరు

సముద్రం దగ్గర బోరు ఎంత లోతుకి దించితే ఉప్పుకి అంత దగ్గరవుతారు. సముద్రమట్టానికి పైన ఒక్క అడుగు మంచినీరు తగ్గితే, కింద ఉప్పునీటి హద్దు సుమారు 40 అడుగులు పైకొస్తుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున మోటారు వేయకముందు నేల నుంచి నీరు ఎంత లోతులో ఉందో, 15 నిమిషాలు నడిపాక టీడీఎస్ రాయండి. లోతు పెరుగుతూ టీడీఎస్ కూడా పెరుగుతుంటే నడిపే గంటలు తగ్గించండి, ఆపి ఆపి నడపండి. కొత్త బోరుకి 1987 భూగర్భ జల చట్టం ప్రకారం అనుమతి కావాలి. కేసింగ్ పైప్ నేలకి కనీసం రెండు అడుగులు పైకుండాలి, మూత బిగించాలి. నేలకి సమంగా కోసేసిన కేసింగ్ వరదనీటికి గరాటు లాంటిది.

తుఫాను హెచ్చరిక వస్తే

ముందు ఓవర్‌హెడ్ ట్యాంకు నింపండి, తర్వాత సంపు నింపండి. వరదకి ముందు సంపు ఖాళీ చేయడం పెద్ద పొరపాటు. చుట్టూ నేల నానిపోయినప్పుడు ఖాళీ సంపుని నీరు కింది నుంచి పైకి తోస్తుంది, అడుగు పగులుతుంది, ప్లాస్టిక్ ట్యాంకైతే పైకి తేలిపోతుంది.

వాన మొదలవగానే ఆటోమేటిక్ కంట్రోలర్‌ని మాన్యువల్‌కి మార్చండి. ఇది మరిచిపోతే నష్టం ఎక్కువ. మూత మీదుగా మురుగు దిగినా కంట్రోలర్‌కి తెలిసేది మట్టం ఒక్కటే, అది మురుగుని మేడ మీది ట్యాంకుకి ఎక్కించేస్తుంది. అప్పుడు సంపుతో పాటు పై ట్యాంకూ ప్రతి పైపూ కడగాల్సి వస్తుంది.

మూత నేలకి సమంగా ఉంటే చుట్టూ గట్టు కట్టించి, 2015లో, 2023లో నీరొచ్చిన గీతకంటే ఒక అడుగు పైకి లేపండి. ఓవర్‌ఫ్లో పైపుకీ కాంపౌండ్ డ్రైనేజీ గొట్టానికీ నీరు వెనక్కి రాకుండా ఆపే నాన్-రిటర్న్ వాల్వ్ ఉండాలి. ప్యానెల్ బోర్డు కూడా ఆ గీతకి పైకే.

వరద తగ్గాక

భూగర్భ జలం దిగేదాకా సంపు పూర్తిగా తోడొద్దు. తోడాక మూతలు తెరిచి, కొన్ని గంటలు ఫ్యాన్‌తో గాలాడించాకే మనిషిని దించండి, నడుముకి తాడు కట్టి, పైన ఒకరు నిలబడి. డీజిల్ పంపు సంపులోకి దించితే దాని పొగ ప్రాణం తీస్తుంది.

గోడలు రుద్ది కడిగి బురద తీశాక, మంచినీళ్లు నింపుతూ లీటరుకి 50 మిల్లీగ్రాముల క్లోరిన్ పట్టించాలి. 30 శాతం బ్లీచింగ్ పౌడర్ అయితే 28,300 లీటర్లకి దాదాపు 4.7 కిలోలు. బకెట్లో కలిపి, సున్నం అడుగున పేరుకున్నాక పైతేట మాత్రమే పోయండి. ఆసిడ్ దగ్గరికి రానివ్వొద్దు, విషవాయువు పుడుతుంది. తెరిచి ఉంచిన పాత పౌడర్‌లో క్లోరిన్ మిగలదు. 24 గంటలు ఉంచండి, ఎంత తొందరున్నా 8 గంటలకి తగ్గొద్దు. ఆ నీళ్లు పూర్తిగా వదిలేసి, మళ్లీ నింపి, లీటరుకి 2 మిల్లీగ్రాములు, అంటే 190 గ్రాముల పౌడర్ వేయండి. అరగంటాగి క్లోరిన్ కిట్‌తో సంపు దగ్గర కాదు, పైప్ లైన్ చివరి ఫ్లాట్ కుళాయి దగ్గర చూడండి. అక్కడ లీటరుకి 0.2 మిల్లీగ్రాములు కనిపిస్తేనే వాల్వ్‌లు తెరవండి.