ఏసీ సర్వీసింగ్ ఖర్చు: ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

ఏసీ మెయింటెనెన్స్‌కి ఎంతవుద్ది అని అడిగితే ఎవరూ ఒక్క అంకె చెప్పలేరు, ఎందుకంటే బిల్లులో మూడు రకాల ఖర్చులు కలిసిపోయి ఉంటాయి. మనిషి ఇంటిదాకా వచ్చినందుకు విజిటింగ్ చార్జీ, క్లీనింగ్ చేసినందుకు సర్వీస్ చార్జీ, ఇక మూడోది పని మధ్యలో "సార్, ఇది కూడా పోయింది" అంటూ వచ్చి చేరేది, అంటే గ్యాసు (గదిని చల్లబరిచేది), కెపాసిటర్ (మోటార్‌కి ఊపునిచ్చే చిన్న డబ్బా లాంటి పార్టు), పీసీబీ (ఏసీని నడిపించే సర్క్యూట్ బోర్డు) లాంటివి. మొదటి రెండూ ఫోన్లోనే తెలిసిపోతాయి, వాటిలో పెద్దగా తేడా పడేదేం లేదు. జేబుకి చిల్లు పడేది మూడోదాని దగ్గరే, అందుకే ఇక్కడ ఎక్కువ దాని గురించే చెప్తా.

ముందు పైసా ఖర్చు లేని పని. ఇండోర్ యూనిట్ మూత పైకెత్తితే జాలీ ఫిల్టర్లు కనిపిస్తాయి, అవి తీసి కుళాయి కింద కడుక్కోవడానికి టెక్నీషియన్ అక్కర్లేదు. రోజూ వాడుతుంటే రెండు వారాలకోసారి, దుమ్ము తక్కువుండే ఇల్లయితే నెలకోసారి. దుమ్ము పట్టిన వైపు నుంచి కాకుండా వెనక వైపు నుంచి నీళ్లు కొట్టండి, లేకపోతే మురికి జాలీలోకే ఇంకా దూరుతుంది. వేడి నీళ్లు వద్దు, ఎండలో ఆరేయొద్దు, ఫ్రేమ్ వంకరపోతే మళ్లీ సరిగ్గా కూర్చోదు. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే కాయిల్ (ఫిల్టర్ వెనకుండే చల్లటి పైపుల వరస) మీద ఐస్ కడుతుంది, ఆ ఐస్ కరిగి గోడ మీద కారుతుంది, మనమేమో గ్యాసు అయిపోయిందనుకుని ఫోన్ కొడతాం, అవతలివాడు కూడా కాదనడు కదా. కరెంటు సంగతి కూడా చూస్తే, అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం మురికి ఫిల్టర్ తీసి శుభ్రమైనది పెడితే ఏసీ కరెంటు వాడకం 5 నుంచి 15 శాతం దాకా తగ్గొచ్చు.

నీళ్లు కారడం కూడా ఎక్కువసార్లు డ్రైన్ పైపులో జిగురు, మురికి అడ్డుపడటం వల్లే. పైపు బయటి చివర చేతికి అందితే అక్కడ ఏం అడ్డుందో ఒకసారి చూడండి, చివర నీళ్లలో మునిగున్నా, మధ్యలో పైకి వంగున్నా నీళ్లు వెనక్కొస్తాయి. ఔట్‌డోర్ యూనిట్ ముందు సామాన్లు, గుడ్డలు ఉంటే తీసేయండి. అది ఎత్తులో గోడకి వేలాడుతుంటే మాత్రం మీరు ఎక్కొద్దు, ఆ పనికి డబ్బులిచ్చేయడమే మంచిది.

ఇక డబ్బులిచ్చి చేయించే సర్వీసుల్లో మామూలుగా వినపడేవి డ్రై సర్వీస్, వెట్ లేదా జెట్ సర్వీస్, ఆపైన కెమికల్ క్లీనింగ్. డ్రై అంటే ఫిల్టర్ కడగడం, బ్లోయర్‌తో దుమ్ము ఊదడం, సగం మీరు చేసుకునేదే, దీనికి విడిగా డబ్బులు పెట్టడం నా లెక్కలో దండగ. జెట్ సర్వీస్‌లో ఇండోర్, ఔట్‌డోర్ కాయిల్స్ రెండూ ప్రెషర్ నీళ్లతో కడుగుతారు, ఇది సంవత్సరానికోసారి చాలు, ఏడాది పొడుగునా నడిపేవాళ్లు, రోడ్డు దుమ్ములో ఉన్నవాళ్లు, సముద్రం దగ్గరున్నవాళ్లు రెండుసార్లు చేయించుకోవాలి. అందులో మీరు చూడాల్సింది ఒకటి, ఇండోర్‌లో గొట్టంలా తిరిగే బ్లోయర్ చక్రం కూడా కడుగుతున్నారా లేదా అని. కాయిల్ మెరుస్తూ ఉండి ఆ చక్రం రెక్కల్లో మట్టి అలాగే ఉంటే గాలి ఏం పెరగదు. పీసీబీ వైపు కవర్ కట్టాకే నీళ్లు కొట్టమనండి, ఫిన్స్‌కి (కాయిల్ మీదుండే పల్చటి రేకులకి) అడ్డంగా కొడితే వంగిపోతాయి కాబట్టి నిలువుగా ఉన్న ఫిన్స్ మీద నిలువుగానే కొట్టాలి. కెమికల్ క్లీనింగ్ అనేది కాయిల్ జిడ్డు పట్టేసి వాసన వస్తుంటే తప్ప వద్దు, ఘాటు యాసిడ్ కెమికల్ అయితే అల్యూమినియం ఫిన్స్‌నే తినేస్తుంది.

ఇప్పుడు అసలు గొడవ, గ్యాసు. ఏసీలో గ్యాసు పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు, మూసేసిన కాపర్ పైపుల్లో అదే గ్యాసు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుందని అర్థం, అంతే, "రెండేళ్లయింది కదా సార్, గ్యాసు తగ్గుద్ది" అనే మాటకి తలకాయ ఊపొద్దు. లీకు పట్టుకోకుండా టాప్అప్ చేస్తే ఆ డబ్బులు కొన్నాళ్లకి గాల్లో కలిసిపోతాయి, మళ్లీ అదే బిల్లు. గ్యాసు ఫిల్లింగ్ ఖర్చు మామూలు సర్వీస్‌కి కొన్ని రెట్లు ఉంటుంది కాబట్టి ఇక్కడ తొందరపడకుండా ఉంటేనే ఏడాది మొత్తం ఖర్చు అదుపులో ఉంటుంది.

గ్యాసు మాట ఎప్పుడొచ్చినా ముందు క్లీనింగ్ పూర్తి చేయమనండి, ఎందుకంటే కాయిల్స్ మురికిగా ఉన్నప్పుడు చూసిన ప్రెషర్ నమ్మలేం. కడిగాక కూల్ మోడ్‌లో తక్కువ టెంపరేచర్ పెట్టి పావుగంట నడిపి, ఇండోర్ పైభాగంలో లోపలికెళ్లే గాలి ఎంతుందో, కింద బయటికొచ్చే గాలి ఎంతుందో మామూలు థర్మామీటర్‌తోనే చూడండి, తేడా 8 నుంచి 12 డిగ్రీలుంటే గ్యాసు గురించి మర్చిపోవచ్చు, గాల్లో తేమ బాగా ఎక్కువుంటే తేడా కొంచెం తగ్గుతుంది. ఔట్‌డోర్ దగ్గర సన్న పైపు మీద ఐస్ కడుతుంటే గ్యాసు తక్కువనే అనుమానం నిజం కావచ్చు, లావు పైపు మీద కడుతుంటే ముందు గాలి సరిగ్గా ఆడుతుందా లేదా చూడాలి. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ స్పీడు మారుతూ ఉంటుంది, దాంతోపాటు గేజ్‌లో (గ్యాసు ప్రెషర్ చూపించే మీటర్‌లో) ముల్లు కూడా మారుతుంది, అందుకని ఫుల్ స్పీడులో నడిపించకుండా ముల్లు చూపించి "తక్కువుంది" అంటే ఒప్పుకోవద్దు. అన్నీ బాగున్నప్పుడు ప్రతి సర్వీస్‌కి గేజ్ తగిలించడం కూడా మంచిది కాదు, పెట్టి తీసిన ప్రతిసారీ కొంచెం గ్యాసు పోతుంది.

నిజంగానే లీకుంటే సరైన పద్ధతి ఇది: నైట్రోజన్ ప్రెషర్ పెట్టి సబ్బు నురగతో లీకు పట్టుకోవాలి, వెల్డింగ్ చేయాలి లేదా ఫ్లేర్ నట్ (పైపుల్ని బిగించే నట్టు) సరిచేయాలి, మళ్లీ ప్రెషర్ నిలబడుతుందో చూడాలి, తర్వాత పైపుల్లో గాలి, తేమ లాగేయడానికి వ్యాక్యూమ్ పంప్ పెట్టాలి, ఆఖరికి తూకం వేసి గ్యాసు ఎక్కించాలి. ఎంత ఎక్కించాలో ఔట్‌డోర్ యూనిట్ ప్లేట్ మీదే గ్రాముల్లోనో కిలోల్లోనో రాసుంటుంది, ఏ గ్యాసో కూడా ఉంటుంది, ఆర్32, ఆర్410ఏ, ఆర్22 అని. ఆర్410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, లీకయ్యాక మిగిలింది తీసేసి మొదటినుంచి తూకంతో నింపడమే పద్ధతి. ఆర్32కి కొంచెం మండే గుణం ఉంది, బీడీ నోట్లో పెట్టుకుని వెల్డింగ్ చేసేవాడిని దానిమీద చెయ్యి వెయ్యనివ్వొద్దు. వ్యాక్యూమ్ పంప్, కాటా లేకుండా వచ్చి గ్యాసు నింపుతానంటే టీ ఇచ్చి పంపించేయండి.

కెపాసిటర్ చిన్న ఖర్చే, కానీ ఎక్కువగా అనవసరంగా మార్చేదీ అదే. దాని మీద మైక్రోఫారడ్ అంకె, పక్కన ఎంత శాతం తేడా ఉండొచ్చో రాసుంటుంది, మీటర్ పెట్టి చూపించమంటే నిమిషం పని. ఇన్వర్టర్ ఏసీ కంప్రెసర్‌కి అలాంటి రన్నింగ్ కెపాసిటర్ ఉండదు, అయినా అది పోయిందంటే ఎక్కడుందో చూపించమని అడగండి. ఔట్‌డోర్ మూత మాత్రం మీరు విప్పొద్దు, మెయిన్ ఆపేసినా కెపాసిటర్‌లో చార్జ్ ఉంటుంది.

సర్వీస్ ఎప్పుడు చేయించాలంటే, ఎండలు ముదరకముందే. అందరి ఏసీలూ ఒకేసారి మొరాయించే వారంలో ఫోన్ చేస్తే రేటూ ఎక్కువే, వచ్చినవాడు ఇంకో నాలుగు ఇళ్లకి పోవాలని పరిగెత్తుతూ చేసే పనీ అంతే.

ఏఎంసీ (ఏడాదికి ఒకేసారి డబ్బు కట్టే మెయింటెనెన్స్ కాంట్రాక్టు) తీసుకోవాలా అంటే, మీరు ఏడాదికి నిజంగా చేయించే సర్వీసులు ఎన్నో వాటిని విడి రేటుతో గుణించి చూడండి. నాన్ కాంప్రహెన్సివ్ అంటే వచ్చి కడిగి వెళ్లడమే, రెండు సర్వీసులు చాలనుకునేవాళ్లకి అందులో నాలుగుంటే లాభమేం లేదు. కాంప్రహెన్సివ్‌లో పార్టులు కూడా వస్తాయంటారు గానీ గ్యాసు, కాయిల్, పీసీబీ, ప్లాస్టిక్ పార్టులు ఉన్నాయో లేదో పేపర్ మీద చూసుకోవాలి, గ్యాసు, పీసీబీ రెండూ లేకపోతే దానికి అంత డబ్బు పెట్టక్కర్లేదు. కొత్త ఏసీ వారంటీలో ఉంటే అసలు తొందరే లేదు, కాకపోతే పదేళ్ల వారంటీ అని బాక్స్ మీద ఉండేది చాలాసార్లు కంప్రెసర్ ఒక్కదానికే, దాన్ని మార్చేటప్పుడు లేబర్, గ్యాసు డబ్బులు మనవే అవ్వొచ్చు, కార్డు తీసి చదవండి.

బిల్లు మీద "ఏసీ రిపేర్" అని ఒక్క ముక్క రాయించుకోవద్దు. ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు, లీకు ఎక్కడ దొరికింది, ఏ పార్టు మార్చారు, చేసిన పనికి ఎన్నాళ్లు గ్యారంటీ, ఇవన్నీ రాయించండి, మార్చిన పాత పార్టు మీ దగ్గరే పెట్టేసి వెళ్లమనండి.