లేలాండ్ సైప్రస్ హెడ్జ్ కత్తిరించే ముందు ఇవి చూసుకోండి

ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్న మనవాళ్ళలో కొంతమందికి బ్యాక్ గార్డెన్ చుట్టూ ఈ హెడ్జ్ (కంచెలా వరసగా పెంచే, ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు) ఉంటుంది, ట్రిమ్మర్ ఆన్ చేసేముందు ఒక్కసారి ఇది చదవండి.

- ముందు గూళ్ళు. మార్చి నుంచి ఆగస్టు దాకా పక్షులు గుడ్లు పెట్టే టైమ్, కొమ్మలు మెల్లగా తప్పించి లోపలికి చూడండి, గూట్లో గుడ్లు గానీ పిల్లలు గానీ ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాల్సిందే, అక్కడి 1981 వన్యప్రాణుల చట్టం ప్రకారం పక్షులు వాడుతున్న కావాలని గూడు పాడుచేయడం నేరం.

- అన్నిటికన్నా ముఖ్యం, పచ్చదనం దాటి లోపలికి కొయ్యొద్దు! పైకి దట్టంగా కనిపిస్తుంది గానీ ఒక కొమ్మ పక్కకి జరిపి చూడండి, లోపలంతా గోధుమరంగు పుల్లలే, అక్కడిదాకా కోస్తే మళ్ళీ చిగురు రాదు, ఆ బోడి మచ్చ అలాగే ఉండిపోతుంది. మన వేపచెట్టులా మోడు నుంచి చిగురేస్తుందిలే అనుకోకండి. అందుకే ఏటా కొంచెం కొంచెం తియ్యడమే మంచిది, వదిలేస్తే చాలా స్పీడుగా పెరిగిపోతుంది.

- ఫుల్ హ్యాండ్స్ చొక్కా, గ్లోవ్స్, కళ్ళజోడు. దీని జిగురు కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది.

- కరెంట్ ట్రిమ్మరైతే వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, ఆర్‌సీడీ (వైరు తెగితే షాక్ కొట్టకుండా కరెంట్ వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి. నిచ్చెన మీంచి ఒరిగి కొయ్యొద్దు, దిగి జరుపుకోండి.

- పక్కింటివాళ్ళతో ముందే మాట్లాడండి. హెడ్జ్ 2 మీటర్లు దాటి వాళ్ళ వెలుతురుకి అడ్డమైతే 2003 యాంటీ సోషల్ బిహేవియర్ చట్టం కింద వాళ్ళు కౌన్సిల్‌కి (స్థానిక పాలన సంస్థకి) కంప్లయింట్ ఇవ్వొచ్చు.