నోటి మంటకు మిరప మందు

నోట్లో పుండేమీ కనిపించదు, అయినా నెలల తరబడి నాలుక కాలినట్టు మండుతూనే ఉంటుంది. ఈ బాధ పడుతున్నవాళ్లు కాప్సైసిన్ గురించి డాక్టర్‌ని ఒకసారి అడిగి చూడండి. మిరపకాయకు ఘాటునిచ్చేది అదే. నొప్పిని మోసే నరాలను మొదట రెచ్చగొడుతుంది, అందుకే తొలిరోజుల్లో మంట ఇంకా పెరగొచ్చు. భయపడకండి. పదేపదే తగిలేకొద్దీ ఆ నరాలు మొద్దుబారి, కొందరికి ఉపశమనం దొరుకుతుంది. బాగా పలచన చేసిన ద్రావణాన్ని పుక్కిలించి ఉమ్మేయాలి. మోతాదు డాక్టరే చెప్పాలి, ఇంట్లో కారం నీళ్లు కలుపుకోవద్దు. నోట్లో పుండ్లుంటే అసలు వాడొద్దు.

లవంగనూనెలోని యూజెనాల్ పంటినొప్పిని కాసేపు తగ్గిస్తుంది గానీ, పలచన చేయకుండా రాస్తే చిగుళ్లు కాలతాయి. రెండు వారాలు దాటినా మానని పుండుంటే ముందు డాక్టర్‌కి చూపించుకోండి.